హనుమక్క పేరు మీద నంబరు

డాక్టర్లకు మనుషుల జబ్బులు తెలిసినదానికంటే ఓబళప్పకు కుట్టు మిషన్ల జబ్బులు బాగా తెలుసని బొమ్మనహళ్ళి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో చెప్పుకునేవారు. నడుస్తున్న మిషన్ పక్కన నిలబడి చెవి ఒగ్గి వినేవాడు. లోపల దారాన్ని పట్టే హుక్ అరిగిందో, దానికి మెలి వేసే లూపర్ వంగిందో మూత తీయకుండానే చెప్పేవాడు. అంత పనిమంతుడికి తన పేరంటే మాత్రం చచ్చేంత భయం.

ఆ భయం ఊరికే రాలేదు. కదిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి తన పేరు మీద సైకిల్ షాపు పెడితే ఏడాది తిరక్కుండా మూతపడింది. తర్వాత మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు పెడితే ఒక్క వానకు మురుగు మోరీ పొంగి మొత్తం మునిగింది. అప్పుడు కాడుగోడిలో ఒక జాతకాలాయన వేళ్ల మీద ఏదో లెక్క కట్టి, "నీ పేరు మీద ఏదీ నిలబడదప్పా. ఆడమనిషి పేరు మీద పెట్టుకో" అన్నాడు. ఆయన దక్షిణ పుచ్చుకుని మర్చిపోయి ఉంటాడు. ఈయన మాత్రం ఆ మాటను మెదడులో మేకులా దిగ్గొట్టుకున్నాడు.

తొంభై ఆరులో తైవాన్ నుంచి హుక్కులు, లూపర్లు తెప్పించి అమ్మే కొట్టు పెట్టాలనుకున్నప్పుడు, అందుకే, అన్నీ భార్య హనుమక్క పేరు మీదే పెట్టాడు. బ్యాంకు ఖాతా ఆమెదే, దిగుమతి కాగితం ఆమెదే, సేల్స్ టాక్స్ నంబరు కూడా ఆమెదే. ఆ నంబరు లేని కొట్టు బిల్లును ఏ ఫ్యాక్టరీ ముట్టేది కాదు. మద్రాసు రేవులో దిగిన సరుకు లారీలో రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దాటాలన్నా ఆ నంబరే చూపించాలి.

"నాకు సంతకం యాడ వస్తాది? వేలిముద్ర ఏస్తా లే" అంది హనుమక్క.

"ఓనరమ్మ వేలిముద్ర ఏస్తే ఎవురన్నా మర్యాద ఇస్తారా?" అన్నాడు ఓబళప్ప.

పలక కొనిచ్చి పదకొండు రోజులు చేయి పట్టుకుని దిద్దించాడు. పొయ్యి మీద సంగటి మాడుతున్నా వదల్లేదు. ఆమె సంతకంలో చివరి అక్షరం ఎప్పుడూ గీత దాటి కిందికి జారేది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చాక దానికి ఫ్రేము కట్టించి కొట్టులో వేలాడదీశారు. శుక్రవారం శుక్రవారం హనుమక్క దేవుడి పటాలతో పాటు దానికీ కుంకుమ బొట్టు పెట్టేది. ఓబళప్ప నవ్వేవాడు కాదు, పక్కన నిలబడి దండం పెట్టేవాడు.

కొట్టు నిలబడింది. జాతకాలాయన మాట ఫలించిందని ఓబళప్ప నమ్మాడు. అసలు కారణం ఆయన చెవి, ఆయన చేయి. ఆ సంగతి ఆయనకు తప్ప బొమ్మనహళ్ళిలో అందరికీ తెలుసు.

రెండువేల రెండులో హనుమక్కకు పచ్చకామెర్లు వచ్చాయి. ఎనిమిది రోజుల్లో మనిషి దక్కకుండా పోయింది. పిల్లలు లేరు. కర్మకాండ ముగిసిన నాలుగో రోజున, నెలనెలా కట్టాల్సిన పన్ను రిటర్ను కాగితం ఓబళప్ప ముందుకొచ్చింది. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. ఆమె పోయిందని చెప్పాలి, నంబరు తన పేరుకు మార్చుకోవాలి. ఆ మాత్రం తెలియనివాడు కాదు. కానీ తన పేరు తగిలితే ఈ కొట్టు కూడా మునుగుతుందని భయపడ్డాడు. ఏడుపు ఆపుకుని కలం తీసి 'హనుమక్క' అని రాశాడు. చివరి అక్షరాన్ని గీత కిందికి జార్చి మరీ రాశాడు. ఆమె చేయి పట్టి దిద్దించినవాడే కదా, ఎవరూ కనిపెట్టలేకపోయారు.

కాగితాలు దాఖలు చేసే పద్మనాభానికి కూడా తెలియలేదు. ఆయనది చిక్కపేటలో చిన్న ఆఫీసు. రిటర్ను అందుకుంటూ మర్యాదకు అడిగేవాడు.

"ఇంట్లో ఆయమ్మ బాగుండాదా అప్పా?"

"ఉండాది సార్" అనేవాడు ఓబళప్ప.

ఆ మాట మూడేళ్లు అన్నాడు. ఇంకోసారి అనకూడదనుకుంటూ బయటికొచ్చేవాడు. అయినా మరుసటి నెల మళ్లీ అనేవాడు.

రెండువేల అయిదులో పన్ను పద్ధతి మారింది. పాత నంబర్లు పోయి కొత్తవి వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద ఫ్యాక్టరీ రెండు వరుసల మిషన్లకు సరిపడా హుక్కులు అడిగింది. ఓబళప్ప ఉన్న డబ్బంతా ఊడ్చి తైవాన్‌కు పంపాడు. సరుకు ఓడ ఎక్కిన వారానికి పన్ను ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది, ఓనరు సర్టిఫికెట్ తీసుకుని స్వయంగా రావాలని.

గోడ మీది ఫ్రేము సంచిలో పెట్టుకుని తానే వెళ్లాడు. అక్కడి ఆఫీసరమ్మది కోలారు వైపు, తెలుగులోనే మాట్లాడింది.

"ఆయమ్మను పిలుచుకోని రాప్పా. నా ముందర సంతకం పెట్టాల."

"ఒంట్లో బాగలేదు మేడమ్."

"అట్లయితే శ్రమ పెట్టొద్దులే. కొట్టు చూసేకి ఎట్లాగూ రావాల, ఇంటికి నేనే వస్తా. అడ్రసు చెప్పు."

కసిరి ఉంటే ఇంకో అబద్ధం ఆడేవాడే. ఆమె అంత దయగా అడిగేసరికి ఓబళప్పకు అది చేతకాలేదు. సంచిలోంచి ఫ్రేము తీసి బల్ల మీద పెట్టాడు. గాజు మీద పాత కుంకుమ ఎండి అంటుకుని ఉంది.

"ఆయమ్మ పోయి మూడేండ్లయింది మేడమ్."

ఆమె ఫైలు తిప్పి పోయిన నెల రిటర్ను చూసింది. "మరి ఈ సంతకం ఎవురిది?"

"నాదే."

ఆమె ఫైలు మూసి పక్కన పెట్టింది. తర్వాత, "ఇది పైకి రాయకుండా ఉండేకి కాదప్పా" అంది. నంబరు రద్దయింది, విచారణ మొదలైంది.

పద్మనాభం తల పట్టుకున్నాడు. "ఆయమ్మ పోయినప్పుడే నాకొక మాట చెప్పింటే డెత్ సర్టిఫికెట్ పెట్టి నీ పేరు మీద నంబరు తీసిచ్చేవాణ్ణి కదప్పా. ఊరికే ఒక అర్జీతో అయిపోయేది. యాల చెప్పలేదు?"

"నా పేరు మీద నిలబడదు సార్" అన్నాడు ఓబళప్ప.

పద్మనాభానికి ఒళ్లు మండింది. తిడదామని నోరు తెరిచాడు, ఆ ముఖం చూసి మానుకున్నాడు.

సరుకు మద్రాసు రేవులో దిగింది. అది హనుమక్క పేరున వచ్చింది, హనుమక్కే విడిపించుకోవాలి. వారసుణ్ణని కోర్టు నుంచి కాగితం తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. ఓబళప్ప పేరున కొత్త నంబరు విచారణ తేలేదాకా రాదు. ఫ్యాక్టరీవాళ్లు రెండు వారాలు చూసి ఇంకొకరి దగ్గరికి పోయారు. రేవు నుంచి మాత్రం ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. శ్రీమతి హనుమక్క గారు సరుకు తీసుకుపోకపోతే వేలం వేస్తామని. రిజిస్టర్డ్ ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మన్, "ఆయమ్మ లేకుంటే నువ్వే సంతకం పెట్టప్పా" అని కలం అందించాడు. ఓబళప్ప చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఉత్తరం వెనక్కి పోయింది.

కొట్టు ఖాళీ చేశాడు. వాకిట్లో బోర్డు దించుతుంటే, మూడేళ్ల కింద ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు.

మరుసటి ఏడాది ఒక ఫ్యాక్టరీలో నెలజీతం మెకానిక్‌గా చేరాడు. ఒక మధ్యాహ్నం సూపర్‌వైజర్ గురప్ప అట్టపెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"కొత్త హుక్కులప్పా. వేలంలో కొన్న సరుకంట, అగ్గువకు దొరికింది. ఈ వరుసకంతా ఎక్కించు."

పెట్టె పక్కన చిరిగిన చీటీ ఇంకా అంటుకుని ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో హనుమక్క పేరు, బొమ్మనహళ్ళి చిరునామా. ఓబళప్ప దాన్ని గోటితో మెల్లగా ఊడదీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమప్పా, అట్ల నిలబడితివి? సరుకు బాగలేదా?" అన్నాడు గురప్ప.

"బాగుండాది" అన్నాడు ఓబళప్ప. స్క్రూడ్రైవర్ తీసుకుని మొదటి మిషన్ ముందు కూర్చున్నాడు.