లచ్చవ్వ ఇంటి కింది చప్పుడు

కరోనా తగ్గిన మరుసటి వేసవి. అప్పుడు నేను గోదావరిఖనిలో మైన్ సర్వేయర్‌ని. భూగర్భంలో బొగ్గు తీసిన చోట్లను కొలిచి ప్లాన్ మీద గీయడం నా పని. బొగ్గు తీశాక మిగిలే ఖాళీని గోఫ్ అంటారు.

ఒక కార్మికుల కాలనీలో రోజూ సాయంత్రం నాలుగింటికి గచ్చు కింద ఎవరో కొడుతున్నట్టు చప్పుడు రాసాగింది. పాత గోఫ్‌లో చిక్కుకున్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారని ఒక వాయిస్ మెసేజ్ ఫోన్లలో తిరిగింది. నిజానికి ఆ కాలనీ కింద తవ్వకమే జరగలేదు. ‘కింద ఎవరూ లేరు, వదంతులు నమ్మవద్దు’ అని నోటీసు అంటించాను. అంతవరకూ ఆ సంగతి తెలియనివాళ్లు కూడా వచ్చి గచ్చుకు చెవులు ఆనించారు.

"ఏం లేకపోతే నోటీసెందుకేస్తరు సారూ?" అన్నాడొకాయన.

రెండు రోజులకు లచ్చవ్వ వంటింట్లో గుంత తవ్వుతోందని కబురొచ్చింది. ఆమె భర్త రాజయ్య ఏళ్ల కిందట వేరే గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. నేను వెళ్లేసరికి గుంత మోకాలి లోతుంది. పునాది బయటపడి గోడ నెర్రె విచ్చింది. ఆమె అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయాయి.

"అవ్వా, గోడ మీద పడ్తది. బయటికి రా."

"ఇను బిడ్డా," అంటూ నా తల వంచింది.

మూడు దెబ్బలు. ఆమె గడ్డపారతో రెండు కొట్టింది. కింది నుంచి మళ్లీ మూడు. ప్లాన్ నా చేతిలోనే ఉంది. అయినా ఇంకోసారి చెవి ఆనించాను.

వీధిలో బిందెల సందడి విన్నాకే అది నల్లా నీళ్లు వదిలే వేళని తట్టింది. నీళ్లు ఒక్కసారిగా తోసుకొస్తే పైపు అదిరి కొట్టుకుంటుంది. దాన్ని వాటర్ హామర్ అంటారు. గచ్చు కింది నుంచి వచ్చే నల్లా పైపు మీద ఆమె చెయ్యి పెట్టించి, వాల్వ్ తిప్పే ఖాజా భాయ్‌కి ఫోన్ చేసి మూయించాను. చప్పుడు ఆగింది. తెరిపించాను. పైపు ఆమె అరచేతిలో కొట్టుకుంది.

"పైపే," అంది. చెయ్యి తీయకుండానే, "మరి మా ఆయన యాడున్నడు? మూట తెచ్చి గీయనే అన్నరు. ముఖం సూడనియ్యలె."

వీధి అంతా పైపు మాట నమ్మింది. ఆమె మాత్రం మర్నాడు మళ్లీ గడ్డపార పట్టింది.

రాజయ్యను బయటికి తీసినవాళ్లలో కొమురయ్య ఒక్కడే బతికున్నాడని తెలిసి, బెల్లంపల్లి వెళ్లి తీసుకొచ్చాను. ఆ ముసలాయన గుంత అంచున కూర్చున్నాడు.

"వదినా, సగం ముఖమే ఉండె. నువ్వు తట్టుకోలేవని మేమే మూట ఇప్పనియ్యలె. నేనే కడిగిన."

"కండ్లు?"

"ఎడమ కన్ను మూసే ఉండె. నిద్రల ఉన్నట్టు."

లచ్చవ్వ గడ్డపార వదిలేసి ఏడ్చింది. తెల్లారి గుంత తనే పూడ్చుకుంది.

అబద్ధాన్ని అబద్ధమని చెబితే చాలనుకునేవాణ్ణి. వీధికి కావలసింది ఆ చప్పుడెక్కడిదన్న జవాబు. లచ్చవ్వకు కావలసింది భర్త ముఖం. ఎవరికేం కావాలో అడగకుండానే నేను నోటీసు రాశాను.