గోటి మొదట్లో నీలం

పందొమ్మిది వందల అరవైలలో మా నాయన ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దేవాడు. ఆయన గోళ్ళు ఎప్పుడూ నీలంగానే ఉండేవి. ఒక ఏడు ఆయాసం ఎక్కువైతే హిందూపురం తీసుకెళ్ళాం. గుండె బాగాలేదు, పని మానెయ్యాలన్నాడు డాక్టరు. "గోళ్ళు నీలబడితే వెంటనే తీసుకురండి" అని కూడా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రంగు గోళ్ళలో ఆ నీలం ఎలా తెలుస్తుందని అడిగేశాను.

"కొత్త గోరు మొదట్లోంచి తెల్లగా వస్తుంది. అక్కడ చూడండి" అన్నాడాయన.

నాయన పని మానేశాడు. అప్పటినుంచి ప్రతి పొద్దునా అమ్మ నాయన చెయ్యి వెలుగుకు పట్టి చూసేది. రెండు నెలలకు రంగు గోటి సగం దాకా జరిగింది.

ఒకరోజు తెల్లగా ఉండాల్సిన మొదట్లోనూ నీలం కనిపించింది.

"మళ్ళా రంగులో చెయ్యి పెట్టినావా?" అని అడిగింది అమ్మ.

"పెట్టినాలే. ఊరికే కూచోలేక."

అమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టాక తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

నేను ఆ చెయ్యి అందుకున్నాను. రంగులో మునిగిన చేతికి గోళ్ళ చుట్టూ చర్మమంతా మరకలవుతుంది. ఆ వేళ్ళ మీద ఒక్క మరకా లేదు.

నాయన నా ముఖం చూసి, మెల్లగా పిడికిలి మూసేశాడు.