నాగదుర్గ పెద్దమ్మ ఊరు ఎంచుకున్న ఏడాది

నాగదుర్గ పెద్దమ్మ మాకు చుట్టం కాదు. కువైట్‌లో మా అమ్మ కృపావతికి స్నేహితురాలు. ఇద్దరూ వేరు వేరు ఇళ్లలో వంట చేసేవారు. శుక్రవారం సెలవు దొరికితే అమ్మ చర్చిలో ప్రార్థనకి వెళ్లేది. పెద్దమ్మ అదే వీధిలో ఉన్న కొట్టుకి గోంగూర పచ్చడి కోసం వచ్చేది. ఒకరోజు కొట్లో అమ్మ మాట విని పెద్దమ్మ వెనక్కి తిరిగి, "మనది ఏ ఊరండీ?" అని అడిగిందట. అమ్మది కాట్రేనికోన, ఆవిడది ముక్తేశ్వరం. ఇంక ఆ శుక్రవారం నుంచి అక్కాచెల్లెళ్లయిపోయారు.

మోకాళ్ల నొప్పులతో అమ్మ ముందే ఇంటికి వచ్చేసింది. పెద్దమ్మ మాత్రం యాభై దాటాక, కరోనా తగ్గిన మరుసటి ఏడు వచ్చింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ముక్తేశ్వరంలో తమ్ముడు సూరిబాబు కొబ్బరితోట మధ్య కొత్తిల్లు కట్టుకుని, అందులో అక్క కోసం ఒక గది వేయించాడు. దానికి ఏసీ కూడా పెట్టించాడు.

ఆ ఏసీ చూసి పెద్దమ్మ నవ్వేసింది. "ఇరవై ఏళ్లు ఆ చల్లగాల్లోనే ఉన్నానురా. కిటికీ తీస్తే ఇసుక వస్తుందని తీయనిచ్చేవారు కాదు. నాకిప్పుడు వీధిలో కూర్చోవాలనుంది" అంది.

తోటలో ఇల్లు కట్టుకుంటే వీధి ఎక్కడిది? పక్కిల్లు కూడా కనపడదు. పొద్దున్నే సూరిబాబు తోటల్లో కొబ్బరికాయల దింపులు తీయించడానికి వెళ్లిపోయేవాడు, మరదలు అంగన్‌వాడీకి వెళ్లిపోయేది. పెద్దమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. గేటుకి అవతల కాలవ, కాలవకి అవతల మళ్లీ తోట. పలకరించడానికి పాలబ్బాయి ఒక్కడే వచ్చేవాడు. ఆవిడ అతన్ని ఎంతసేపు నిలబెట్టి మాట్లాడేదంటే, కొన్నాళ్లకి అతను పాల ప్యాకెట్లు గేటుకి తగిలించి చప్పుడు చేయకుండా పోవడం మొదలుపెట్టాడు.

"నేను ఉండడానికి ఒక ఊరు చూసుకుంటానురా" అంది ఓరోజు భోజనాల దగ్గర.

"ఉన్న ఊరు ఉందిగా అక్కా."

"ఇది నువ్వు చూసుకున్నావు. నాది నన్ను చూసుకోనీ."

ముందు కొత్తపేటలో, బస్టాండుకి దగ్గరగా, మేడ మీద వాటా అద్దెకి తీసుకుంది. కొట్లు, ఆటోలు, బడి పిల్లలు, కావలసినంత సందడి. అయితే మేడ మీంచి చూస్తే మనుషుల నడినెత్తులే కనిపిస్తాయి. "ఏవండీ" అని పిలిస్తే కింద ఎవరో ఒకరు ఆగి అటూ ఇటూ చూసేవారు గానీ, తలెత్తి పైకి చూసినవారు లేరు. వానాకాలం రాకుండానే ఆ ఇంటి తాళాలు ఇచ్చేసింది.

అప్పుడు అమ్మ ఫోన్ చేసింది. "నాలుగు రోజులు మా ఇంటికి రా అక్కా. ఊరు సంగతి తర్వాత చూద్దువుగాని."

మాది కాట్రేనికోన చివర చిన్న వీధి. గుమ్మం దిగితే వీధే. రొయ్యల చెరువుల మీదుగా వచ్చే ఉప్పగాలి సాయంత్రమయ్యేసరికి ఇళ్లలోకి దూరుతుంది. వచ్చిన రోజే పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుంది. దారిన పోయేవాళ్లు ఒక్కరు కూడా ఊరికే పోలేదు. "ఎవరి తాలూకండీ?" "ఎప్పుడొచ్చేరు?" "భోజనం అయ్యిందాండీ?" ఎండు నెత్తళ్లు అమ్మే కరుణ గంప దింపుకుని మరీ కూర్చుంది. అందరికీ "ఆయ్, ఆయ్" అంటూ జవాబు చెప్పి, దీపాలు పెట్టే వేళకి పెద్దమ్మ లోపలికి వచ్చింది.

"మాట్లాడీ మాట్లాడీ దవడలు నొప్పెడుతున్నాయి కృపా" అంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

నాలుగు రోజులు ఎప్పుడు దాటాయో ఎవరూ చూడలేదు. మా పక్కనే రెండు గదుల పెంకుటిల్లు ఖాళీ అయితే అందులో దిగింది. మొదట్లో ఎండుచేపల వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. తర్వాత తర్వాత నెత్తళ్లు సరిగ్గా ఎండలేదని కరుణతోనే తగువు పెట్టుకునేది. కువైట్‌లో నేర్చిన మసాలా అన్నం మా చెరువుల రొయ్యలతో వండి వీధంతా పంచిపెట్టేది.

ముక్తేశ్వరంలో సూరిబాబుని ఎవరో అడిగారట, "మీ అక్కగారు ఎవరింట్లోనో ఉంటున్నారటగా" అని. అతనికి అది గుచ్చుకుంది. మరుసటి వేసవిలో ఓ ఉదయం మోటార్ సైకిల్ మీద వచ్చి మా వీధిలో దిగాడు.

"బట్టలు సర్దుకో అక్కా. ఆటో వెనకాల వస్తోంది" అన్నాడు, గడప దాటకుండానే.

"ముందు మంచినీళ్లు తాగు."

"తాగడానికి రాలేదు."

మా అమ్మ కుర్చీ తెచ్చి వేసింది. "ఎండనపడి వచ్చేరు తమ్ముడుగారూ. కూర్చుని కోప్పడండి" అంది. అంత మర్యాదగా చెబితే అతను కూర్చోక తప్పలేదు.

"నేనుండగా నువ్వు పరాయి చోట ఉండడమేంటి? నేనేం లోటు చేసేనో చెప్పు" అన్నాడు. గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది.

పెద్దమ్మ అతని పక్కనే గడప మీద కూర్చుంది. "లోటేం లేదురా. అంత ప్రేమగా ఎవరు కడతారు గది? కానీ కువైట్‌లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉండేవారు కాదు. స్నానం చేస్తూ నా పేరు నేనే పైకి అనుకునేదాన్ని, మర్చిపోతానేమోనని. ఇక్కడ తెల్లారితే చాలు, వీధంతా పిలుస్తుంది."

ఈ మాట ఆవిడ మా అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. సూరిబాబు చేతిలోని హెల్మెట్ కింద పెట్టాడు.

ఇంతలో ఎదురింటి సత్యప్రసాద్ గారు వచ్చారు. "తమరు ముక్తేశ్వరం తోటల వారటండీ. మా పెరట్లో కొబ్బరి ఆకులు నల్లగా మసిబారిపోతున్నాయి. ఒక్కసారి చూసి పెడతారా?"

"తెల్లదోమయ్యుంటుందండీ" అంటూ సూరిబాబు లేచాడు.

ఆ పెరటి నుంచి పక్క పెరటికి, అక్కడి నుంచి ఇంకో పెరటికి. ప్రతి ఇంట్లోనూ అతనికి ఏదో ఒకటి ఇచ్చారు; ఒకరు మజ్జిగ, ఒకరు జున్ను, ఒకరు తాటి ముంజెలు. వీధి చివరికి వెళ్లేసరికి అందరూ "బాబాయిగారూ" అని పిలవడం మొదలుపెట్టేశారు. తిరిగి వచ్చి మామిడికాయ రొయ్యల కూరతో మారు వడ్డించుకుని తిన్నాడు. ఆటో డ్రైవరూ అతని పక్కనే కూర్చుని తిన్నాడు. తర్వాత ఆటో ఎండు రొయ్యల పొట్లంతో ముక్తేశ్వరం వెళ్లిపోయింది. సూరిబాబు ఎండ చల్లారేదాకా ఉండి, "సరేలే అక్కా, ఉండు. కానీ నెలకోసారి నువ్వు రావాలి" అన్నాడు.

పెద్దమ్మ ఆ మాట తప్పలేదు. నెలకోసారి సంచీ సర్దుకుని వెళ్తుంది, తమ్ముడింట్లో తిని హాయిగా పడుకుని వస్తుంది. వెళ్లి రావడానికి ఆ ఇంటిని మించింది లేదంటుంది.

ఆదివారం మా వీధంతా చర్చికి పోతుంది. ఇళ్ల తాళాలన్నీ పెద్దమ్మ దగ్గరే. టార్పాలిన్ల మీద ఆరబోసిన నెత్తళ్లకి కాపలా కూడా ఆవిడే. మొన్న ఆదివారం మేం తిరిగి వచ్చేసరికి అరుగు మీద సూరిబాబు బాబాయి కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతున్నాడు. లోపల్నుంచి మసాలా ఘుమాయిస్తోంది.

"ఇవాళ ప్రసంగం పెద్దదయిపోయిందాండీ? కాకులు నా మాట వినడం లేదు" అన్నాడు మా అమ్మతో, కర్ర ఆవిడ చేతికి ఇచ్చేస్తూ.