జర కాలియ్యి, నేర్చుకుంటున్న

మా జయరాజన్న మనిషిని కింది నుంచి పైకి చూస్తాడు. ముందు పాదాలు, తర్వాత పిక్కలు, తీరికుంటే ముఖం. చేవెళ్లలో మా స్కానింగ్ సెంటర్‌లో ఆయన టెక్నీషియన్, నేను రిసెప్షన్. కాళ్లూ చేతుల్లో రక్తం పారే నరాల స్కానింగ్ నేర్చుకుంటున్నానని మూడేళ్లుగా కనబడ్డవాళ్లనల్లా ఒకటే అడుగుతాడు. "జర కాలియ్యి, నేర్చుకుంటున్న."

కరెంటు రీడింగ్‌కు వచ్చిన మహేశ్వర్ ప్యాంటు మోకాలి దాకా మడుచుకుని, అన్న స్కానింగ్‌కు పూసిన జెల్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. రీడింగ్ సంగతే మరిచాడు. మొయినాబాద్‌లో పెళ్లికి పోయొచ్చిన అన్నను పెళ్లికొడుకు ఎట్లున్నాడని అడిగాను.

"ఎడమ పిక్క మీద నరం ముచ్చటగ ఉన్నది" అన్నాడు.

పరీక్ష ఎప్పుడంటే చెయ్యి ఇంకా కుదరలేదనేవాడు. మా సెంటర్ ముందు పూలమ్మే కరుణమ్మవ్వ జాలిపడి, అన్న పాస్ కావాలని ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించేది.

మొన్న శ్రావణంలో అవ్వ ఎడమకాలు ఉబ్బింది, కుడికాలు మామూలుగానే ఉంది. మా డాక్టరు వసంత మేడమ్ రెండుసార్లు పిలిచినా రాలేదు. దవాఖానలో అడుగుపెడితే లేని రోగం అంటగడతారని ఆమె భయం.

అన్న బయటికి వెళ్లాడు. "అవ్వా, రేపే పరీక్ష. జర కాలియ్యి."

"ముందే చెప్పరాదా బిడ్డా" అంటూ అవ్వ పూలబుట్ట నా చేతిలో పెట్టి లోపలికొచ్చింది.

స్కానింగ్ పరికరంతో పైనుంచి నొక్కితే నరం మూసుకోవాలి. మూసుకోకుంటే లోపల రక్తం గడ్డకట్టినట్టు. ఎప్పుడూ కూనిరాగం తీస్తూ నొక్కే అన్న ఆ రోజు మధ్యలో ఆపేశాడు. మళ్లీ నొక్కాడు. నరం మూసుకోలేదు. మేడమ్ వచ్చి చూసి, అప్పటికప్పుడు మందు మొదలుపెట్టింది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయుంటే అవ్వ దక్కేది కాదట.

వారం తర్వాత జెల్లు సీసా కోసం అన్న సొరుగు తీస్తే సర్టిఫికెట్ దొరికింది. పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసయ్యి రెండేళ్లయింది. నాకు ఒళ్లు మండి, ఇన్నాళ్లూ మమ్మల్ని పిచ్చోళ్లను చేశావా అని నిలదీశాను.

"రోగం చూస్తనంటే భయపడి ఎవ్వరు రారు చెల్లె. నేర్చుకుంటున్నంటే పాపమని కాలిస్తరు" అన్నాడు నెమ్మదిగా.

నా కోపం ఎటు పోయిందో. ఇంత పెద్దమనసును రోజూ ఎగతాళి చేసినందుకు సిగ్గేసింది. ఇంతలో తలుపు తెరుచుకుంది. కాలు తేలికపడ్డ కరుణమ్మవ్వ, వెనకాల చర్చి నుంచి వెంటబెట్టుకొచ్చిన ఆరుగురు ఆడవాళ్లు.

"పాపం, ఈ పిలగాడు మొన్న గూడ పాస్ కాలేదట. అందరు జర కాళ్లియ్యుండ్రి" అంది అవ్వ.

అన్న నా వైపు చూశాడు. నేను సొరుగు మూసి, వాళ్లను వరుసగా కూర్చోబెట్టాను.