పిలిచినవాళ్లే గంప ఎత్తాలి

మొన్న అరసవల్లిలో మా వీధిలోకి మోపెడ్ మీద ఐసు పెట్టె కట్టుకుని చేపలావిడ వస్తే, మా కోడలు గుమ్మంలోంచే పిలిచి, కావలసినవి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను మాత్రం అలవాటు కొద్దీ రెండు చేతులూ చాచుకుంటూ మెట్లు దిగాను. ఎత్తడానికి గంప లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి నన్ను ఇంజనీరింగు చదివించిన మనిషి. నిండు గంపను ఒక్కరే నెత్తికెత్తుకోలేరు కాబట్టి, బేరం అయ్యాక పిలిచిన ఇల్లాలే చెయ్యి వేసి ఎత్తాలి. ఎత్తనన్న ఇంటి ముందు, ఎంత పెద్ద ఇల్లయినా సరే, అమ్మ గంప దించేది కాదు.

రెండువేల పది తర్వాత, నలభై దాటిన వయసులో, నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు మొదటిసారి ఓ పెద్ద పని అప్పగించారు. కొంచెం ఓపిక పడితే చెబుతాను. ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ మరో ఫంక్షన్‌ను పిలిచి పని చేయించుకుంటుంది. ఇవ్వవలసిన అంకెలను ఎలా అందించాలో, పిలిచినవారి అంకెలు చెదరకుండా ఎవరు చూసుకోవాలో ముందే ఒప్పందం ఉండాలి. పాత ఒప్పందంలో చాలా అంకెలను మెమరీలో దించితే, అవతలి ఫంక్షన్ వాటిని మళ్లీ ఎత్తుకునేది. కొత్త ప్రాసెసర్లలో రిజిస్టర్లు, అంటే చేతిలో పట్టుకున్నంత దగ్గరగా ఉండే చోట్లు, వెడల్పుగా, ఎక్కువగా వచ్చాక ఆ దించడం, ఎత్తడం దండగ. అంకెలను చేతి నుంచి చేతికి అందించేలా ఒప్పందం తిరగరాయడమే నా పని.

అప్పుడు అమ్మ మోకాలి ఆపరేషన్ కోసం సెలవు పెట్టకుండా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. వేగం బాగానే పెరిగింది గాని, జవాబులన్నీ తప్పులొచ్చాయి. పిలవబడే ఫంక్షన్లు నేను రాశాను, పిలిచేవి హైదరాబాదులోని తోటి ఉద్యోగి రాశాడు. పిలిచినవారే తమ అంకెలు దాచుకుంటారని నేను, పిలిస్తే వచ్చినవారే వాటిని చెదరకుండా చూస్తారని అతను అనుకున్నాం. ఇద్దరిలో ఎవరూ దాచలేదు, వాటి మీద నా ఫంక్షన్ల అంకెలు పడి పాతవి చెరిగిపోయాయి. నా పద్ధతి లోకమంతటి పద్ధతి అనుకుని నేను ఒప్పందంలో ఆ ముక్కే రాయలేదు. శుక్రవారంలోగా సరిచేయకపోతే పాత ఒప్పందమే ఉంచుతామని మా పై అధికారి తేల్చేశారు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

కాలు చాపుకుని చేపలు తోముతున్న అమ్మకు సంగతంతా గంప మీద పెట్టి చెప్పుకున్నాను.

"ఒసే, మనూర్లో అందరికీ తెలుసు. కొత్తూరెల్తే, పిలిసినోళ్లే ఎత్తాలని ముందు సెప్పాకే కదే నాను గంప దించేదాన్ని. నువ్వు సెప్పేవేటి?" అంది.

చెప్పలేదు. ఆ పూటే ఒప్పందంలో, పిలిచినవారే దాచుకోవాలని ఒక్క వాక్యం చేర్చి, పిలిచే ఫంక్షన్లు మళ్లీ అవసరమయ్యే అంకెలను మాత్రమే దాచుకునేలా ఇద్దరం దిద్దాం. గురువారానికల్లా జవాబులన్నీ సరిపోయాయి, వేగమూ నిలిచింది. మా ఒప్పందాన్నే తీసుకున్నారు. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

ఇప్పుడు అమ్మ లేదు. మోపెడ్ ఆవిడకు మెడనొప్పి లేదు, ఎవరి చెయ్యీ అక్కర్లేదు, అందుకు సంతోషమే. కానీ ఒకప్పుడు కొన్నవారూ అమ్మినవారూ ఎదురెదురుగా నిలబడి, ఒక్క క్షణమైనా ఒకే బరువు మోసేవారు. ఆ మర్యాద మా వీధిలో ఇక కనబడదు. నేను రాసిన ఆ ఒక్క వాక్యంలో మాత్రం, అమ్మ పెట్టిన షరతుగానే ఉండిపోయింది.