తక్కువగా తన్నే తుపాకీ

వారం రోజులుగా వాన పట్టింది. దొడ్డంతా బురద. తడికి మేకల గిట్టలు కుళ్ళుతాయని ఆ ఉదయం షెడ్డులో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని గిట్టలు చెక్కుతున్నాను. సగం అయ్యేసరికి ఆసుపత్రి నుంచి మామయ్య ఫోన్ చేశారు.

"అత్తయ్య పోయిందిరా."

వస్తున్నానంటే, "మేకల పని చూసుకుని రా. ఇప్పుడు తొందరేముంది" అన్నారు. మిగతా సగం పూర్తి చేసే వెళ్ళాను. ఆవిడైనా అదే చెప్పేది.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. అమెరికాలో క్యారీ అనే ఊరికి గంటన్నర దూరంలో ఆయనా అత్తయ్యా మేకల ఫారం పెట్టి చాలా ఏళ్ళయింది. నేను వాళ్ళ దగ్గరే ఉండి పని చేస్తున్నాను. శని, ఆదివారాల్లో క్యారీ నుంచి మనవాళ్ళు మాంసం కోసం వస్తారు. వాళ్ళకు ఆవిడ మేకల ఆంటీ. వేటాడుతుందని తెలిసినవాళ్ళు తక్కువ.

మొదట్లో అది వేట కాదు, కాపలా. బెండ వేసినా గోంగూర వేసినా జింకలు ఆకు మిగిల్చేవి కావు. పక్క పొలం ముసలాయన లైసెన్సు తీసుకోమని చెప్పి, దగ్గరుండి కాల్చడం నేర్పాడు. తర్వాత ఆవిడకు అది అలవాటైంది. కొట్టిన జింకను తనే కోసి, కొంత ఊరగాయ పెట్టి, మిగతాది ఫ్రీజర్‌లో సర్దేది. పని మధ్యలో ఎవరైనా మాట్లాడితే ఇష్టముండేది కాదు.

ఒక చలికాలం మేకపోతు ఒకటి ఆవిడను గేటుకేసి కుమ్మింది. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. అతికింది కానీ, పాత తుపాకీ కాల్చినప్పుడల్లా ఆ చోటే నొప్పి. కొన్నాళ్ళు మానేసింది. చివరికి సెవెన్ ఎంఎం జీరో ఎయిట్ అనే రకం రైఫిల్ కొనుక్కుంది. దాని తూటా పొట్టిది, అందులో మందు తక్కువ. కాల్చినప్పుడు ఎవరో భుజం మీద చెయ్యేసి నెట్టినట్టుంటుంది, గుద్దినట్టుండదు. మామయ్యది త్రీ హండ్రెడ్ మాగ్నమ్, చాలా ఎక్కువ మందు పట్టే పెద్ద రైఫిల్. అది కాల్చిన మర్నాడు ఆయన చొక్కా తొడుక్కోవడానికి తంటాలు పడేవారు. ఎవరైనా అడిగితే వాతం అనేవారు.

గత ఏడాది అత్తయ్యకు కొలరాడోలో ఎల్క్ వేటకు పర్మిట్ వచ్చింది. ఎల్క్ అంటే మన కణుజు లాంటిదే, ఇంకా పెద్దది. ఆ పర్మిట్ లాటరీలో వస్తుంది. ఆవిడ ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. అప్పటికే డాక్టరు గుండె సంగతి చెప్పాడు. ఇంకోసారి పర్మిట్ వచ్చేదాకా ఆవిడ ఉండదేమోనన్నది ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు. దెబ్బలాట మాత్రం తుపాకీ గురించి జరిగింది.

"అది పెరట్లో తిరిగే జింక కాదు. గుర్రమంత ఉంటుంది. నీ బొమ్మ తుపాకీతో దాన్ని గోకుతావా?" అన్నారు మామయ్య.

"గుర్రమంత ఉంటే తగలడం ఇంకా తేలిక కదండీ."

"గాయపడి పారిపోతే? రక్తం చూసుకుంటూ ఆ కొండలన్నీ నువ్వు ఎక్కుతావా, నన్ను ఎక్కమంటావా?"

దెబ్బ తిన్న జంతువు దొరక్కుండా పోవడమంటే ఆవిడకూ భయమే. "మీ మాగ్నమ్ తీసుకుని దొడ్డి వెనక్కి రండి" అంది.

దొడ్డి వెనక మట్టికట్టకు ఎదురుగా ఒక బెంచీ ఉంది. గురి చూసుకునేది అక్కడే. ఆవిడకు అక్కడ ఒక పద్ధతి ఉండేది. కాల్చేవాళ్ళను అటు తిరగమని తుపాకీ తనే నింపేది. ఒకసారి మంచి తూటా, ఒకసారి మందు లేని డమ్మీ. ఏది పెట్టిందో కాల్చేవాళ్ళకు తెలియదు. ఆ పూట మామయ్య మొదటిది కాల్చారు. షెడ్డు రేకులు అదిరాయి, మేకలు మూలకు పరిగెత్తాయి. రెండోది టిక్కుమంది. తుపాకీ పేలలేదు కానీ, మామయ్య కళ్ళు మూసుకున్నారు, భుజం ముందుకు వచ్చింది, గొట్టం జానెడు కిందికి వంగింది.

"ఏమండీ, ఎల్క్ మట్టిలో ఉందా?"

"ఎండ కళ్ళల్లో పడింది."

"మబ్బు పట్టుందండీ."

నేను మేకలను చూడడానికన్నట్టు పక్కకు వెళ్ళాను. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "మీ తప్పేం లేదు. అది తంతుందని మీ వేలికి ముందే తెలిసిపోతోంది. ఇక మీరు జంతువునేం చూస్తారు, తుపాకీనే చూసుకుంటారు."

తర్వాత ఆవిడ కూర్చుంది. ఈసారి నింపింది మామయ్య. ఆయన వరసగా డమ్మీలే పెట్టారు. ఆవిడ గొట్టం కదల్లేదు.

అయినా ముగ్గురం కొలరాడో వెళ్ళినప్పుడు ఆయన మాగ్నమ్ తెచ్చారు, ఆవిడ కొట్టింది పడకపోతే తను కాల్చొచ్చని. అది కుదరదని, పర్మిట్ తన పేరు మీద ఉందని ఆవిడ దారిలోనే చెప్పింది. రెండు వందల గజాలు దాటితే కాల్చనని కూడా చెప్పింది. ఆ మాట మీదే ఉంది. రెండు రోజులు ఎదుటి కొండ మీద మందలు కనపడుతూనే ఉన్నాయి.

"నా దాంతో అయితే అందుతుంది" అన్నారు మామయ్య, గొంతు తగ్గించి.

"అందుతుంది. తగలాలిగా."

ఆఖరి రోజు మధ్యాహ్నం ఒక ఆడ ఎల్క్ చెట్లలోంచి దగ్గరగా వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. ఆవిడ ఊపిరి బిగబట్టి, వదిలి, కాల్చింది. అది నాలుగడుగులు నడిచింది, ఆగింది, కాళ్ళు మడిచి పడిపోయింది. వెతకాల్సిన పని లేకపోయింది. ఆవిడ వెళ్ళి దాని మెడ మీద చెయ్యేసి చాలాసేపు అలాగే కూర్చుంది. మామయ్య కత్తి బయటికి తీశారు.

మాంసం కిందికి మోసేసరికి మా ఇద్దరి నడుములూ పట్టేశాయి. ఆవిడ కారు దగ్గర కూర్చుని స్టవ్ మీద టీ పెట్టింది. ముఖం పాలిపోయి ఉంది. ఆ అలసట తర్వాత పూర్తిగా తీరనే లేదు. వసంతంలో మేకలు ఈనేటప్పుడు షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని, ఏది ముందు చూడాలో నాకు చెబుతుండేది. ఎండాకాలం దాటాక షెడ్డుకూ రాలేదు.

అంత్యక్రియలకు క్యారీ నుంచి చాలామంది వచ్చారు. గోడకున్న ఫోటోలో ఎల్క్ పక్కన ఆవిడను చూసి ఒకబ్బాయి, "అంకుల్, ఆంటీ హంటింగ్ చేసేవారా? ఏ గన్?" అని అడిగాడు. మామయ్య చెప్పారు. "అది డీర్‌కి ఓకే. ఎల్క్‌కి సరిపోతుందా?" అన్నాడు అబ్బాయి.

"సరిపోయింది" అన్నారు మామయ్య.

ఆవిడతో పాటు మామయ్యా ఏటా దరఖాస్తు పెట్టేవారు. ఈ ఏడు పర్మిట్ ఆయన పేరు మీద వచ్చింది. వెళ్ళరనుకున్నాను. వానలు తగ్గాక ఒక సాయంత్రం ఆయన అత్తయ్య రైఫిల్ పట్టుకుని దొడ్డి వెనక్కి వచ్చారు. "నువ్వు లోడ్ చెయ్యి" అని అటు తిరిగి నిలబడ్డారు. నేను డమ్మీ పెట్టాను. టిక్కుమంది. గొట్టం కొంచెం వంగింది.

"మళ్ళీ పెట్టు" అన్నారు.

చీకటి పడేదాకా అదే పని. చివర్లో గొట్టం కదల్లేదు.

గురువారం తెల్లవారకముందే మామయ్య కొలరాడో బయలుదేరారు. మాగ్నమ్ బీరువాలోనే ఉంది.