చేతుల్లో గుంటూరు

పోయిన నెల మేనకోడలు ప్రసవించిందంటే బెంగుళూరు వెళ్ళాను. బాలింతకు శొంఠి తెమ్మంటే వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్ళాను. అక్కడ రెండు గోతాల నిండా ఎండుమిరపకాయలున్నాయి. ఒకదానిమీద అట్టముక్క గుచ్చి ఏదో రాశారు. కన్నడ అక్షరాలు మనవాటికి దాయాదులే కాబట్టి కూడబలుక్కుంటే ‘గుంటూరు’ అని తేలింది. నా చూపు గమనించిన కొట్టతను, బ్యాడగి కాయ కావాలా, గుంటూరు కావాలా అని అడిగాడు. అతనికి గుంటూరంటే ఊరు కాదు, కారం. అలవాటు ఊరుకోదు కదా, ఒక కాయ తీసి విరిచి తేమ చూశాను. బాగా ఎండిన కాయ, పెళుక్కున విరిగింది. తొడిమ తీసిన కాయ. తొడిమ ఊడిన చోట గోటి గీత కనిపించింది. శొంఠి మాట మరిచిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. గుంటూరు పేరులో ఉన్నది ఏ గుంటో పండితులు తేల్చుకోవాలి. మా ఊళ్ళో మాత్రం ఆ మాటకు ఎవరి అర్థం వాళ్ళకుండేది. నాన్నకు అది మిర్చి యార్డు. ‘గుంటూరు ఎట్టా ఉంది’ అని అడిగాడంటే ఊరి క్షేమం కాదు, కాయల ధర. అమ్మకు పెద్దాసుపత్రి. ఫలానావాళ్ళను గుంటూరు తీసుకెళ్ళారని ఆమె గొంతు తగ్గించి చెబితే, విన్నవాళ్ళు ఇంకేమీ అడిగేవాళ్ళు కాదు. గట్టు తగాదా పెట్టుకున్న పక్కింటాయనకు కోర్టు. గుంటూరు తిరుగుతున్నానని గర్వంగా చెప్పుకునేవాడు. తిరిగి తిరిగి చెప్పులతోపాటు పొలాన్నీ అరగదీశాడు.

ఇవేవీ కాని అర్థం మా ఇంట్లో ఒకటుండేది. అది అక్క పెట్టింది. అక్క మిరపకాయల గోడౌనులో తొడిమలు తీసే పనికి వెళ్ళేది. సాయంత్రం గుమ్మంలో కనపడగానే నేను పరిగెత్తేవాణ్ణి. ఆమె రెండు చేతులూ పైకెత్తి, “ఆగరా, గుంటూరు ఉంది” అనేది. వేళ్ళ సందుల్లోంచి మణికట్టు దాకా మంట. ఆ చేతులు తగిలితే నా కళ్ళు రెండు రోజులు ఏడుస్తాయి. అందుకని నన్ను మోచేతులతో దగ్గరకు లాక్కునేది. కొబ్బరినూనె రాసినా, మజ్జిగలో ముంచినా ఆ మంట ఒక పట్టాన దిగేది కాదు. శనివారం పని తొందరగా ముగిస్తే ఆదివారానికి కాస్త తగ్గేది. చర్చికి వెళ్ళేముందు ఆ ఒక్కరోజే నాకు తల దువ్వేది. వారంలో ఆరు రోజులు నా జుట్టు నా ఇష్టం.

తొమ్మిదో తరగతితో బడి మానేసినా లెక్కలు నన్ను మానలేదు. తూకాలూ తరుగులూ సొంతంగా నేర్చుకుని అదే గోడౌనులో గుమాస్తానయ్యాను. ఒకరోజు యజమాని, ఒక మనిషి రోజుకు ఎన్ని కాయల తొడిమలు తీయగలదో లెక్క కట్టమన్నాడు. లెక్కంటే మంచి కొలత మీద కట్టాలని నా నమ్మకం. అందరిలోకీ వేగం అక్కదే. అరువు గడియారం పెట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. తమ్ముడు చూస్తున్నాడు కదా, అక్క ఆ రోజు తల ఎత్తలేదు, మంచినీళ్ళకు లేవలేదు. “మా తమ్ముడు లెక్క కడుతున్నాడు, చూడండే” అని పక్కవాళ్ళకు చెప్పుకుంది.

నా లెక్కలో తప్పు లేదు. అదే తప్పు. ఆ అంకె అందరికీ కొలత అయింది. “మీ అక్క చేతులకు దేవుడు ఇంజను పెట్టాడయ్యా, మాకు పెట్టలా” అని ఒకామె నవ్వుతూనే అంది. మర్నాటి నుంచి ఆ అంకె తీరక ఆడవాళ్ళు దీపాలవేళ దాకా ఉండిపోయేవాళ్ళు. అక్క కూడా మళ్ళీ ఎప్పుడూ ఆ అంకెను అందుకోలేదు. పైగా తనవల్లే అయిందని, వెనకబడినవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ కాయలూ తీసేది. నన్ను ఒక్క మాట అనలేదు. కొంచెం తగ్గిద్దామని యజమానితో నేనూ ఒక్క మాట అనలేదు. ఆ అంకె అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. నేనూ అక్కడే ఉన్నాను.

శొంఠితో మేనకోడలి ఇంటికి వచ్చేసరికి గొడవ జరుగుతోంది. పాప పుట్టి పదిరోజులైనా అక్క మనవరాలిని అరచేతులతో ముట్టుకోలేదట. ఒళ్ళో పడుకోబెడితే మోచేతులు అడ్డం పెడుతోందట.

“అమ్మా, ఆ పని మానేసి ఎన్నేళ్ళయిందే?” అంది మేనకోడలు.

“దానిదేముందే, చర్మంలోకి దిగుంటుంది” అంది అక్క.

నేను వంగి ఆమె చేతుల వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. “లేదక్కా. పోయింది” అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. “నువ్వు లెక్క చూసి చెప్పావంటే ఇంకేందిరా” అని, పాప తల కింద అరచెయ్యి పెట్టి ఎత్తుకుంది. రెండో చేతి వేళ్ళతో బుగ్గ తాకింది, పొయ్యి మీది గిన్నెను తాకి చూసినట్టు. పాప నిద్ర లేవలేదు. అక్క ఈసారి బుగ్గను అరచేత్తో నిమిరి, ఇక నీ వంతన్నట్టు పాపను నాకు అందించబోయింది.

కొట్లో కాయ విరిచిన నా వేళ్ళు అప్పటికే భగ్గుమంటున్నాయి. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“ఉండక్కా” అన్నాను, “గుంటూరు ఉంది.”

ఆమె చేతులు కడగడానికి కాలానికి ఇన్నేళ్ళు పట్టింది. నా చేతుల దాకా అది ఇంకా రాలేదు.